లాజరు సారు వాపసు ఇవ్వబోయిన షీల్డు

ఆటలంటే నాకు మొదటినుంచీ పడదు. ఎర్రటి ఎండలో ఒకడి కాలు ఇంకొకడు పట్టుకుని లాగుతుంటే చూసి చప్పట్లు కొట్టడంలో ఉన్న ఆనందం ఏమిటో ఈ వయసుకి కూడా నాకు అంతుబట్టలేదు. అయినా మెదక్‌లో మా హైస్కూల్లో సోషల్ పంతులుగా ఉన్నన్నాళ్లూ కబడ్డీ పోటీలకు స్కోరు రాసే పని నా నెత్తినే పడింది. మన జట్టు గెలుస్తున్నా మొహంలో మార్పు రాని మనిషి స్టాఫులో నేనొక్కణ్ణేననీ, అందుకే లెక్క తప్పననీ హెడ్మాస్టరు రాంచందర్‌గారి వాదన. ఆ వెట్టిచాకిరీ వల్ల నాకు దక్కిన లాభం ఒక్కటే. మా డ్రిల్ మాస్టరు లాజరు సారుతో స్నేహం కుదిరింది.

లాజరు సారు పొట్టి మనిషి. చర్చి వెనక కాంపౌండులో ఉండేవాడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది. ఆదివారం ప్రార్థనకు మాత్రం ఈల లేకుండా వెళ్లేవాడని నేను అనుకునేవాణ్ణి. కాదట, జేబులో ఉంటుందని ఆయన భార్య దానమ్మ చెప్పింది. మైదానంలో ఆయన గొంతెత్తితే కోట గుట్ట మీద మేకలు కాసేవాళ్లు కూడా వరుసలో నిలబడేవారు. అదే మనిషి ఆఫీసరు ఎదుట నిలబడితే నోట్లో నాలుక ఉండేది కాదు. చెప్పాల్సిన మాటంతా మింగేసి, చివరికి "సరే సార్" అనేవాడు.

ఆయన ఉద్యోగం టెంపరరీ. ఎండాకాలం సెలవులతో ఉద్యోగం ఊడిపోయేది, బడి తెరిచాక మళ్లీ కాగితం వచ్చేది. ఒక్కోసారి ఆ కాగితం వానలు ముదిరేదాకా వచ్చేది కాదు. పెళ్లయిన ఏటినుంచీ ఇదే తంతు. ఊళ్లోవాళ్లు ఆయనకు 'టెంపరరీ సారు' అని పేరు పెట్టేశారు. దానమ్మ ఇంకా గడుసుది. "సెలవులల్ల మా ఆయన సారు గాదు పంతులూ, ఉత్త లాజరే. నీళ్లు తెమ్మన్నా తెస్తడు" అనేది. నవ్వుతూ అనేది కానీ, జూన్ నెల వచ్చేసరికి ఆ నవ్వు మొహంలో ఉండేది కాదు.

ఒక ఏడాది సంగారెడ్డి నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరు, పిల్లల డ్రిల్లు చూసి ముచ్చటపడి, వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు. "జిల్లా కబడ్డీ షీల్డు ఈ బడికి తీసుకరా లాజరూ. నీ పర్మనెంటు ఆర్డరు నేనే తెచ్చి నీ చేతుల పెడ్త." లాజరు సారు "సరే సార్" అన్నాడు. ఆ రెండు మాటల్తో ఆయన నిద్ర పోయింది.

ఎందుకంటే షీల్డు ఎప్పుడూ నర్సాపూరు వాళ్లదే. అడవి పక్కన పుట్టి కట్టెలు మోస్తూ పెరిగిన పిల్లలు వాళ్లు. మా పిల్లలు కూతకు పోతే, సగం దూరంలోనే దమ్ము అయిపోయి, ఎవరూ పట్టుకోకుండానే కూలబడేవాళ్లు. లాజరు సారు వాళ్లచేత తెల్లారకుండా గుట్ట ఎక్కించాడు, మూతి బిగించి పరుగెత్తించాడు, దానమ్మచేత రాగి అంబలి కాయించి పోశాడు. కష్టపడ్డారు, నేను కాదనను. కానీ పోటీలు దగ్గరపడేసరికి, నర్సాపూరు పేరు వినగానే మా కెప్టెన్ ఇంద్రకరణ్ కడుపు పట్టుకునేవాడు. పెద్ద పటేలు కొడుకు, ఇంట్లో పాలూ నెయ్యీ పారుతుంటాయి, అయినా ధైర్యం మాత్రం ఇంకొకరి దగ్గర తెచ్చుకోవాల్సిందే.

ఇక్కడ దిల్దార్ గురించి చెప్పాలి. దిల్దార్ అంటే టాంగా అస్గర్ గుర్రం. ముసలిదైపోయింది. చదును మీద బాగానే నడిచేది, ఎత్తు వచ్చిందంటే మాత్రం నిలబడి ఆలోచనలో పడేది. అప్పుడు అస్గర్ దిగి, సీటు కింది రేకు డబ్బా తీసి, అందులోంచి నల్లటి మసాలా ఉండ ఒకటి దాని నోట్లో పెట్టేవాడు. వాము, శొంఠి, మిరియాలు, ఇంగువ, పాత బెల్లం కలిపి దంచిన ఉండ అది. అవి కాక హకీం దుకాణంలో దొరికే కుచలా గింజ కూడా రవ్వంత పడేది. ఉండ గొంతు దిగిన కాసేపటికి దిల్దార్ చెవులు నిక్కబొడుచుకుని, పెళ్లికొడుకులా తల ఎగరేసుకుంటూ ఎత్తు ఎక్కేసేది. ఏడుపాయల జాతరకు ఆ టాంగాలో వెళ్లినవాళ్లందరికీ ఆ వాసన ఎరుకే. ఇంటికొచ్చి స్నానం చేసినా పంచెకు ఇంగువ కంపు వదిలేది కాదు.

అస్గర్ కొడుకు యూనుస్ మా జట్టులో కూతకు పోయే పిల్లవాడు. సన్నగా, చురుగ్గా ఉండేవాడు. తండ్రి మసాలాతో ముసలి గుర్రం ఎత్తు ఎక్కడం వాడు పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. అది తమకెందుకు పనిచేయదని వాడికి అనిపించిందంటే అందులో ఆశ్చర్యం ఏముంది?

ఆ ఏడు జిల్లా పోటీలు మా ఊళ్లోనే, కోట కింది మైదానంలో జరిగాయి. ఫైనలు నర్సాపూరుతోనే పడింది. ఆ పొద్దున యూనుస్ డబ్బా మొత్తం ఎత్తుకొచ్చాడు. ఇదంతా తరవాత పిల్లలే చెప్పారు. ఇంద్రకరణ్‌కు మొదట భయం వేసిందట. "గుర్రం తినేది మనం తింటే తప్పు గాదురా?" అన్నాడట. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం మా మెదక్ పిల్లలకు తప్ప ఇంకెవరికీ తట్టదు. ఉండలను మోదుగాకు డొప్పలో పెట్టి, ఆటసామాను గదిలో ఏడుపాయల దుర్గమ్మ పటం ముందు ఇంద్రకరణ్ దండం పెట్టాడు. యూనుస్ నెత్తికి రుమాలు కట్టుకుని వాటి మీద ఫాతెహా చదివాడు. చర్చి కాంపౌండు పిల్లవాడు జయానందం ఏమీ తోచక "ఆమెన్" అన్నాడు. దానితో అది మసాలా కాకుండా పోయింది, ప్రసాదం అయింది. ప్రసాదం తినడం తప్పని ఏ ఆటల పుస్తకంలో ఉంది? అందరూ కళ్లకద్దుకుని తిన్నారు. తెచ్చినవాడు కనుక యూనుస్ డొప్పలో మిగిలింది తిని, డబ్బా అడుగు కూడా నాకేసి, ఖాళీ డబ్బాను మళ్లీ టాంగా సీటు కింద పెట్టేశాడు.

ఆట మొదలయ్యే ముందు లాజరు సారుకు ఒక అలవాటు ఉంది. పిల్లలందరినీ గుండ్రంగా నిలబెట్టి, తలలు ఆనించి, మధ్యలో తాను నిలబడి చిన్న ప్రార్థన చేసేవాడు. ఆ రోజు కూడా చేశాడు. రోజూకంటే కొంచెం పొడుగ్గానే చేశాడని నాకనిపించింది. ఎండ మాడుతోంది కాబట్టి నాకు ఒళ్లు మండింది కూడా.

ఆట చూడాలి ఆ రోజు! మా పిల్లలకు దమ్ము ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, కూత ఆపడమే మరిచిపోయారు. యూనుస్‌ను నర్సాపూరు పిల్లలు ఇలా ముట్టుకుంటే చాలు, వాడు వాగులో చేపలా ఎగిరిపడి గీత ఇవతల ఉండేవాడు. నర్సాపూరు డ్రిల్ మాస్టరు మదన్ మోహన్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "పట్టుండ్రిరా, పట్టుండ్రి!" అని అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాడు. నేను మా బడి పేరు పక్కన పాయింట్లు వేస్తూ వేస్తూ, ఏ పక్కన వేస్తున్నానో మళ్లీ మళ్లీ చూసుకున్నాను. మొహంలో మార్పు రాలేదని మాత్రం ప్రమాణం చేయగలను.

గెలిచాం. ఊరు ఊరంతా మైదానంలోకి దూకింది. బడిలో ఎవరు చదువుతున్నారో కూడా తెలియనివాళ్లు వచ్చి పిల్లల్ని ఎత్తుకున్నారు. అస్గర్ టాంగాకు బంతిపూలు చుట్టి, లాజరు సారును అందులో కూర్చోబెట్టి, ఒళ్లో షీల్డు పెట్టారు. పక్కన నన్ను కూడా తోశారు. ముందు డప్పులు, వెనక జనం. దిల్దార్ మెడలో కూడా దండ వేశారు. బజారు ఎత్తు మొదలయ్యే చోటికి వచ్చేసరికి, దండతో సహా దిల్దార్ నిలబడిపోయింది.

అస్గర్ నవ్వుతూ దిగాడు. "జర ఆగుండ్రి సార్. మసాలా పడితేగని మా దిల్దార్ కదలడు" అంటూ సీటు కింద చెయ్యి పెట్టాడు. డబ్బా తీశాడు. మూత తీశాడు. బోర్లించాడు. లోపలికి తొంగిచూశాడు. అడుగున నాలుకతో నాకిన గుర్తులున్నాయి.

"నా గుర్రం మసాలా ఎవడు తిన్నడు?" అని అస్గర్ బజారు అదిరేలా అరిచాడు.

డప్పులు ఆగాయి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో జయానందానికి పెద్ద త్రేన్పు వచ్చింది. వామూ ఇంగువా కలిసిన ఆ త్రేన్పు వాసన మొదటి వరుసలో ఉన్నవాళ్లందరినీ తాకింది. అంతే, బజారంతా పకపక నవ్వింది. ఎవరికీ కోపం రాలేదు, అదీ మా ఊరు. "తిన్నోళ్లే గుంజాలె!" అని ఎవడో కేక పెట్టాడు. దిల్దార్‌ను విప్పేశారు. జిల్లా చాంపియన్లు టాంగా కాడి భుజాన వేసుకుని ఎత్తు ఎక్కించారు. దిల్దార్ దండ నములుకుంటూ వెనక తీరిగ్గా నడిచింది. టాంగాలో నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. పక్కన లాజరు సారు మాత్రం నవ్వడం లేదు, సిగ్గుపడడం లేదు. కాడి పట్టుకున్న యూనుస్ వైపే కళ్లార్పకుండా చూస్తున్నాడు.

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. దెబ్బ పడ్డప్పుడల్లా యూనుస్ ఒళ్లంతా అదిరి ఎగిరిపడుతున్నాడు. జనం అది ఆట అనుకున్నారు. "అరే, ఏమాడుతుండురా పోరడు!" అని డప్పువాళ్లను ఇంకా ఎగదోశారు. వాడు కాడి వదిలేసి రోడ్డు మధ్యలో ఎగురుతున్నాడు, చుట్టూ ఈలలు. కానీ వాడి పళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి, కళ్లలో నీళ్లున్నాయి.

లాజరు సారు టాంగాలోంచి దూకాడు. షీల్డు రోడ్డు మీద పడి దొర్లింది. "ఆపుండ్రి! డప్పులు ఆపుండ్రి!" అని అరిచాడు. ఎవరూ వినలేదు. ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు. ఆ ఈలకు పిల్లవాడు మరీ ఎగిరిపడ్డాడు. ఆయన ఈలను తాడుతో సహా తెంపి పారేసి, యూనుస్‌ను రెండు చేతులా ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తాడు. తన ఎత్తే ఉన్న పిల్లవాణ్ణి మోసుకుంటూ ఆ పొట్టి మనిషి పరుగెత్తడం చూసి వెనక కొందరు అప్పటికీ చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నా జన్మలో జనం మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

దవాఖానలో డాక్టరు అస్గర్‌ను పిలిచి మసాలాలో ఏమేమున్నాయో అడిగాడు. కుచలా పేరు వినగానే కుర్చీలోంచి లేచాడు. "అది ముష్టి గింజ, విషమయ్యా! గుర్రం తట్టుకుంటది, పోరడు తట్టుకుంటడా? ఇంకో ఉండ లోపలికి పోతే నేను చేసేది ఏం లేకుంటుండె" అన్నాడు. యూనుస్‌ను చీకటి గదిలో పడుకోబెట్టారు. చప్పుడు కాకూడదన్నారు. వాడి తల్లి షాజహాన్ బీ బురఖా కొంగు నోట్లో కుక్కుకుని తలుపు దగ్గర కూర్చుంది. ఏడుపు వినపడితే కూడా కొడుకు అదిరిపడతాడని ఆ తల్లికి భయం. లాజరు సారు వరండాలో చెప్పులు విప్పేసి వట్టి కాళ్లతో అటూ ఇటూ తిరిగాడు. వాడు కోలుకుని ఇంటికి వెళ్లేదాకా ఆయన దవాఖాన వదిలింది లేదు. మిగతా పిల్లలు తక్కువ తిన్నారు కాబట్టి వాళ్లకు కాళ్లు పీకి, ఆకలి రెట్టింపై, అంతటితో పోయింది.

ఊరికి బుద్ధొచ్చిందనుకుంటున్నారా? ఊరికి తెలిసింది ఒక్కటే, మసాలా తింటే షీల్డు వస్తుంది. మర్నాటినుంచీ అస్గర్ ఇంటి ముందు జనం. మెట్రిక్ తప్పినవాడు, మోకాళ్ల నొప్పుల ముసలాయన, అత్తగారితో పోట్లాట పెట్టుకున్న కోడలు, అందరికీ తలా ఒక ఉండ కావాలి. అస్గర్ దండం పెట్టాడు, తిట్టాడు, చివరికి ఉన్న మసాలా సామానంతా ఇంటి వెనక గొయ్యి తీసి పాతిపెట్టాడు. తెల్లారి చూస్తే గొయ్యి తవ్వేసి ఉంది. ఎవరు తిన్నారో కానీ, ఊళ్లో ఎవరూ చాంపియన్ కాలేదు.

షీల్డు వాపసు ఇచ్చేస్తానని లాజరు సారు మొదలుపెట్టింది అప్పుడే. ముందు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాడు. రాంచందర్‌గారు గోడకేసి చూపించి, "మేకు గూడ కొట్టించిన లాజరూ. మేకు కొట్టినంక ఎట్ల తీస్తం?" అన్నారు. లాజరు సారు "సరే సార్" అనలేదు. బల్ల ఎక్కి షీల్డు దింపి, దుప్పట్లో చుట్టుకుని నర్సాపూరు బస్సెక్కాడు. తోడు రమ్మని నన్నూ లాక్కెళ్లాడు. కండక్టరు దాన్ని చూసి, "ఈ పెద్దమనిషికి గూడ టికెట్ తీస్తవా సారూ?" అని వేళాకోళమాడాడు.

నర్సాపూరులో మదన్ మోహన్ మాకు చాయ్ ఇప్పించాడు, షీల్డును మాత్రం ముట్టుకోలేదు. "ఏం మాట్లాడుతున్నవు లాజరూ? గుర్రం మందు తిన్నోళ్ల చేతుల ఓడిండ్రని మా పోరలకు ఏ మొఖంతోటి చెప్పాలె? మంచిగ ఆడినోళ్ల మీద ఓడితే అదొక ఇజ్జత్. పో, తీస్కపో" అన్నాడు. మేం లేచి వస్తుంటే ఆయన జట్టు పిల్లవాడొకడు వెంటపడి వచ్చి, లాజరు సారు చెవిలో మెల్లగా అడిగాడు. "సార్, ఆ మసాలా ఏడ దొరుకుతది?"

లాజరు సారు అక్కడితో ఆగలేదు. తరవాత సంగారెడ్డి వెళ్లాడు. అక్కడ ఆఫీసులో గుమాస్తా, "ఇచ్చుడు మా పని సార్. తీస్కునుడు మా పని గాదు" అని చేతులెత్తేశాడు. షీల్డు బస్సుల్లో తిరిగి తిరిగి అంచులు అరిగి మళ్లీ మెదక్ చేరింది. ఊళ్లో పిల్లలు దాన్ని చూస్తే, "టెంపరరీ షీల్డు వచ్చింది" అని అరిచేవాళ్లు.

నాకు విసుగొచ్చింది. "ఏం పీకులాటయ్యా నీది? పిల్లాడు బతికాడు, ఆర్డరు వస్తోంది, నోరు మూసుకుని కూర్చోరాదా?" అన్నాను. దానమ్మ నన్ను పక్కకు పిలిచింది. "పంతులూ, ఈయనకు ఏమైందో అడుగుండ్రి. అన్నం తింటలేడు. షాజహాన్ బీ రోజూ రొట్టె, కూర పంపిస్తుంది, మా పోరన్ని బతికిచ్చిన సారు అని. ఆ గిన్నె మొఖమన్న చూస్తలేడు. గిన్నె వచ్చిందంటె లేచి బయటికి పోతుండు" అంది. షాజహాన్ బీ బజారులో కనిపించిన ప్రతివాళ్లకూ లాజరు సారు పేరు చెప్పి దువా చేస్తోందని నేనూ విన్నాను. దానికి అన్నం మానడం దేనికో నా బుర్రకు ఎక్కలేదు.

ఈ గోల సంగారెడ్డిదాకా పాకింది కాబట్టి ఆఫీసరే స్వయంగా దిగాడు. పర్మనెంటు ఆర్డరు సంచిలో పెట్టుకునే వచ్చాడు, సంతకం ఒక్కటే తక్కువ. ముందు మసాలా సంగతి తేలాలన్నాడు. హెడ్మాస్టరు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. షాజహాన్ బీ కూడా యూనుస్‌ను వెంటబెట్టుకుని వచ్చి తలుపు వెనక నిలబడింది. సారుకు మేలు జరుగుతుంటే తన మాట కూడా పడాలని ఆమె తాపత్రయం.

ఆ రోజు ఆ గదిలో లాజరు సారు కోసం పలికిన అబద్ధాలు వింటే కళ్లు చెమర్చేవి. రాంచందర్‌గారు, "పోరలు పల్లీపట్టీలు తిన్నరు సార్, నా కండ్లతోటి చూసిన" అన్నారు. ఇంద్రకరణ్, "మేం ప్రసాదం తిన్నం సార్" అన్నాడు, అది వాడి దృష్టిలో నిజమే. అస్గర్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "మసాలా నా గుర్రమే తిన్నది సాబ్. కావాలంటే బయట కట్టేసిన, అడుగుండ్రి" అన్నాడు. నన్ను అడిగితే స్కోరు సరిగ్గా రాశానని చెప్పాను.

ఆఫీసరు నవ్వాపుకుని కలం మూత తీశాడు. "ఇగ నువ్వు చెప్పు లాజరూ. తిన్నరా, తినలేదా? తినలేదంటె సంతకం పెడ్త."

"తిన్నరు సార్" అన్నాడు లాజరు సారు.

మేమందరం తలలు పట్టుకున్నాం. ఆఫీసరు ఓపిగ్గా, "సరే, తిన్నరే అనుకుందాం. నీకెట్ల ఎరుక? ఆట అయినంక ఊరంత ఎరుకైంది గద, అప్పుడే నీకూ ఎరుకైంది. నీ తప్పేముంది?" అని దారి చూపించాడు.

"అప్పుడు గాదు సార్, ముందే" అన్నాడాయన. ఆఫీసరు ఎదుట ఆయన అంత స్పష్టంగా మాట్లాడడం అదే మొదటిసారి. "ఆటకు ముందు పోరలందరి తలలు ఆనిచ్చి ప్రార్థన చేపిచ్చిన. గుప్పున వాసన వచ్చింది. అస్గర్ టాంగా ఎక్కనోన్ని గాదు నేను, ఏం వాసనో ఎరుకే. అడుగుదామనుకున్న. అడిగితే ఆట ఆగుతది, ఆట ఆగితే ఆర్డరు రాదు. గందుకే ప్రార్థన ఇంకా పొడుగు చేసిన సార్. కండ్లు మూసుకున్న. ముక్కు మూసుకుంటే మూసుకోదు గద."

నేనూ స్నేహితుణ్ణే, ఆ పొడుగు ప్రార్థనకు విసుక్కున్నవాణ్ణే. ఆయన మొహంలోకి చూడలేక తల వంచుకున్నాను.

ఆఫీసరు కలం మూత పెట్టాడు. ఆర్డరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "షీల్డు నర్సాపూరుకు పోతది, ఈసారి వాళ్లు తీస్కుంటరు, నేను చెప్త. నీ సంగతి..." అని ఆగి, "మళ్ల చూద్దాం లాజరూ" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే మరీ కష్టంగా ఉండింది.

తలుపు తోసుకుని షాజహాన్ బీ లోపలికి వచ్చింది. ఆఫీసరు ఉన్నాడని కూడా చూడలేదు. "ఎరుకై గూడ ఆడనిచ్చినవా సారూ?" అంది.

"అవునమ్మా" అన్నాడు.

"నేను పంపిన రొట్టె తిన్నవా?"

"లేదమ్మా."

"అల్లా మంచి చేసిండు" అని ఆమె కొడుకు రెక్క పట్టుకుని వెళ్లిపోయింది. ఆమె తిడుతుందేమోనని ఎదురుచూసిన అస్గర్ కూడా బిత్తరపోయి వెనకాలే వెళ్లాడు.

యూనుస్ మైదానానికి రావడం మానేశాడు. లాజరు సారు సాయంత్రం పూట వాళ్లింటి వైపు వెళ్లి, గుమ్మం అవతల నిలబడి, ఎవరూ పలకరించకపోతే తిరిగి వచ్చేవాడు. ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్లాను. తలుపు ఓరగా ఉండేది, లోపల గిన్నెల చప్పుడు వినిపించేది, మనిషి మాత్రం బయటికి వచ్చేది కాదు. సెలవులొచ్చి ఆయన ఉద్యోగం మళ్లీ ఊడింది. బడి తెరిచి, మళ్లీ టెంపరరీ కాగితమే వచ్చింది. దానమ్మ అప్పుడు నవ్వలేదు, ఏడవలేదు. "ఈసారి అన్నమన్న తింటుండు పంతులూ, గంతె చాలు" అంది.

వానలు వెలిసాక ఒక సాయంత్రం పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. షాజహాన్ బీ యూనుస్‌ను ముందు పెట్టుకుని మైదానంలోకి నడిచి వచ్చింది. అప్పటిదాకా ఆ మైదానంలో ఆడమనిషి అడుగుపెట్టడం ఎవరూ చూడలేదు. పిల్లలు ఆట ఆపేశారు. లాజరు సారు ఎదురు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దినాం ఏడుస్తుండు, ఆడుతనని" అంది ఆమె. "ఆడనియ్యి. గని ఒకటి చెప్తున్న సారూ. ఆట నీది. పోరడు నాది. నేనీడనే కూసుంట."

మైదానం మొత్తం మీద ఉన్నది ఒక్కటే కుర్చీ, డ్రిల్ మాస్టరుది. లాజరు సారు పరుగున వెళ్లి దాన్ని తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, గీత పక్కన వేశాడు. ఆమె కూర్చుంది. ఆ రోజునుంచీ ప్రతి ఆటకూ వచ్చింది. వచ్చి ఊరుకుందా, ఆట అర్థమైన కొద్దీ రిఫరీతో పోట్లాడింది, నా స్కోరు తప్పని నన్ను కూడా కడిగేసింది. లాజరు సారుకు ఆర్డరు మరికొన్నేళ్లకు వచ్చింది, షీల్డు మాత్రం మా ఊరికి మళ్లీ రాలేదు. యూనుస్ బడి వదిలి వెళ్లేదాకా, ఆ మైదానంలో లాజరు సారు కూర్చోగా నేను చూడలేదు.